పక్కింటి ఉండ్రాళ్లు చెత్తబుట్టలో వేసిన పిల్లాడు: మనం నేర్పింది భక్తా, భయమా?

సండేస్కూల్_టీచర్ (మియాపూర్)

అందరికీ వందనాలు. మా సంఘంలో 6 నుంచి 10 ఏళ్ల పిల్లల క్లాసు నాది. వినాయక చవితి వెళ్లాక వచ్చిన ఆదివారం "ఈ వారం దేవుని కోసం ఏం చేశారు?" అని అడిగితే ఒక బాబు చెయ్యెత్తాడు. "పక్కింటి ఆంటీ ఉండ్రాళ్లు ఇచ్చింది టీచర్. నేను తినలేదు. ఆంటీ చూస్తుండగానే డస్ట్‌బిన్‌లో వేసేశా." మిగతా పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

ఆ ఆంటీ ఎవరో నాకు తెలుసు. వాళ్లమ్మ డ్యూటీ దిగి ఇంటికి చేరేదాకా రోజూ సాయంత్రం ఆ పిల్లాడికి పాలు కలిపిచ్చి, హోంవర్క్ చేయించేది ఆవిడే.

ఎందుకు పారేశావు నాన్నా అని అడిగాను. తింటే దయ్యం పడుతుందట, కడుపునొప్పి వస్తుందట, యేసయ్య కోప్పడతాడట. చెప్పిన మూడూ భయాలే. యేసయ్య అంటే ఇష్టం కాబట్టి అన్న మాట వాడి నోట రాలేదు. పరిపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందని మొదటి యోహాను 4:18 కంఠస్థం చేసిన పిల్లలే వీళ్లంతా.

ప్రసాదం తినొచ్చా, తినకూడదా అని ఇక్కడ ఇంతకుముందే చాలా రాశారు. నేను అడిగేది అది కాదు. మా పిల్లలు తినకపోయినా నాకు బాధ లేదు. కానీ ఆ "వద్దు" అనే మాటలో పక్కింటావిడ మీద ప్రేమ కనబడాలి. అది ఎలా నేర్పాలి? పిల్లలతో పనిచేసినవాళ్లు, సేవకులు (పాస్టర్లు) చెప్పండి.

నరసరావుపేట_విశ్వాసి

వందనాలు సిస్టర్. పారేయడం తప్పే. పెద్దావిడ ముందు ఆ పని అసలు చెయ్యకూడదు. కానీ దయచేసి ఆ పిల్లాడి పట్టుదలను నీరుగార్చకండి. అన్యజనులు అర్పించేది దయ్యాలకే అర్పిస్తున్నారని 1 కొరింథీ 10:20లో స్పష్టంగా ఉంది. ప్రకటన గ్రంథంలో పెర్గము, తుయతైర సంఘాలను ప్రభువు గద్దించిన కారణాల్లో విగ్రహార్పితం తినడం ఒకటి. ఇవాళ ఉండ్రాయి, రేపు తీర్థం, ఎల్లుండి హారతి. మా వీధిలో ఇలా మెల్లమెల్లగా జారిపోయిన కుటుంబాలను కళ్లారా చూశాను.

ఇంకో మాట. భయమంతా చెడ్డది కాదు. జ్ఞానానికి మూలమని సామెతలు చెప్పేది యెహోవాయందలి భయభక్తులనే కదా. ప్రేమ పేరు చెప్పి ఆ భయాన్ని కూడా తీసేస్తే మిగిలేది ఏమిటి?

పాత_బైబిలు_మాస్టారు

బ్రదర్, మీరు ఎత్తిన వచనం దగ్గరే మొదలుపెడదాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కొరింథును రోమన్లు క్రీ.పూ. 146లో నేలమట్టం చేశారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ పూనికతో అది మళ్లీ లేచింది. పౌలు వెళ్లేనాటికి ఇంకా వందేళ్లు నిండని కొత్త ఊరు. వర్తకులు, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు, రెండు రేవుల మధ్య తిరిగే జనం. అక్కడ వైద్యదేవత అస్క్లేపియస్ గుడిని తవ్వినప్పుడు భోజనాల గదులు బయటపడ్డాయి. ఒక్కో గదిలో గోడల వెంట 11 మంది ఒరిగి కూర్చుని తినేలా రాతి అరుగులు ఉన్నాయి. పెళ్లి, పుట్టినరోజు, జబ్బు నయమైన సంతోషం, ఇలాంటి విందులు గుళ్లోనూ జరిగేవి. అంటే ఈ సమస్య కొరింథు విశ్వాసికి ఏడాదికోసారి వచ్చేది కాదు, పిలుపు వచ్చిన ప్రతిసారీ వచ్చేది.

పౌలు ఒకే జవాబు చెప్పి వదిలెయ్యలేదు. గుళ్లో పంక్తిన కూర్చోవద్దన్నాడు. మీరు చెప్పిన 10:20 ఆ సందర్భంలోది. ప్రభువు బల్ల (సంఘంలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారం) దగ్గరా, ఆ బలిపీఠం దగ్గరా రెండుచోట్లా పాలుపంచుకోలేరని అక్కడి వాదన. ఇక కటికి అంగడిలో అమ్మేది ఏదైనా ఆరా తియ్యకుండా కొనుక్కోమన్నాడు. అవిశ్వాసి ఇంటికి భోజనానికి పిలిస్తే, వెళ్లాలనిపిస్తే వెళ్లి, వడ్డించింది తినమన్నాడు. ఎవరైనా "ఇది బలి అర్పించింది" అని చెబితే మాత్రం తినొద్దన్నాడు.

ఎందుకు తినొద్దు? ఇక్కడ నెమ్మదిగా చదవండి. 10:28, 29. చెప్పినవాని నిమిత్తం. నీ మనస్సాక్షి కోసం కాదు, ఎదుటివాని మనస్సాక్షి కోసం. కడుపునొప్పి మాట అక్కడ లేదు. 8వ అధ్యాయం మొదట్లోనే, జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును అని పునాది వేసుకుని మరీ ఈ చర్చలోకి దిగాడాయన.

కాబట్టి టీచరమ్మా, ఆ బాబు తినకపోవడానికి వాక్యంలో చోటు ఉంది. పారేయడానికి లేదు. దయ్యం పడుతుందని వాడిని బెదిరించినవాళ్లకు అసలే లేదు.

నరసరావుపేట_విశ్వాసి

మాస్టారూ, సందర్భం ఒప్పుకుంటున్నాను. పక్కింటావిడ ఇచ్చేటప్పుడు "ప్రసాదం" అనే చెప్పి ఇస్తుంది, అంటే 28వ వచనం వర్తిస్తుంది, తినకూడదు. అక్కడ మనిద్దరిదీ ఒకే మాట. కారణం దగ్గరే తేడా. ఆలోచిస్తాను.

ఓరుగల్లు_చెల్లె

నేను ఇక్కడ ఎక్కువ రాయను, చదువుకుంట పోత. ఇయ్యాల రాయాలనిపించింది.

నేను పెండ్లయినంక నమ్ముకున్న. మా అత్తగారిల్లు మొత్తం భక్తిపరులు. నేను గూడ చిన్నప్పటి సంది మొక్కులు మొక్కినదాన్నే. ప్రసాదం చేతికొస్తే నాకు అది ఒట్టి తినే వస్తువు కాదు. కండ్లకు అద్దుకోబుద్ధయితది. పాత మొక్కులన్ని యాదికొస్తయి. అందుకే తిననంటున్న. పుట్టుకతోని క్రైస్తవులైనోళ్లు "విగ్రహం ఒట్టిదే కదా, తిను, ఏం కాదు" అని నవ్వితే నాకు మస్తు బాధయితది. నాది మూఢ భయం కాదు, నా మనసు సంగతి నాకెరుక.

సద్దుల బతుకమ్మ నాడు మా అత్తమ్మకు ముందే చెప్పిన. "అత్తమ్మా, వంటంత నేను చేస్త, పూలు గూడ తెచ్చి ఇస్త. నైవేద్యం పెట్టింది మాత్రం నాకు పెట్టకు, ఏమనుకోకు." ఆమె ఏమనలే. మూడొద్దులు ముభావంగ ఉన్నది. సద్దుల నాడు పొద్దున వంటింట్లకు పోయి చూస్తే రెండో పొయ్యి మీద చిన్న గిన్నెల పులిహోర వేరేగ కలిపి పెట్టింది. మా ఇంట్ల నైవేద్యం కాకముందు ఎవ్వరు రుచి చూడరు, ఉప్పు సరిపోయిందో లేదో గూడ నాలికకు పెట్టుకోరు. అసొంటి మనిషి నా కోసం ఇంకో గిన్నె పెట్టింది.

నేను భయంతోని మొఖం చాటేసి పుట్టింటికి పోతే ఆ గిన్నె ఉండకపోవు. ముంగట నిలబడి ప్రేమగ చెప్పిన కాబట్టి ఆమె గూడ ప్రేమగ ఆలోచించింది. పిల్లలకు ఇది చెప్పండి టీచరమ్మా.

సండేస్కూల్_టీచర్ (మియాపూర్)

చెల్లీ, వచ్చే ఆదివారం మీ అత్తమ్మ గిన్నె గురించి పిల్లలకు చెబుతాను. ఊరు చెప్పనులెండి.

కాలనీ_మిత్రుడు

నమస్కారం. నేను క్రైస్తవుణ్ని కాదు. ఆఫీసు మిత్రుడు ఈ చర్చ పంపితే చదివాను. ఇటువైపు నుంచి ఒక మాట చెప్పాలనిపించింది, తప్పుగా అనుకోకండి.

"మేము తినమండీ" అంటే మాకు కోపం రాదు. నియమాలు మాకు కొత్త కాదు. అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులు మా తమ్ముడు బయట మంచినీళ్లు కూడా ఆలోచించి తాగుతాడు. మా అమ్మ కార్తీక సోమవారం ఎవరింటికి వెళ్లినా ఏమీ ముట్టదు. క్రిస్మస్‌కి మా కింది ఫ్లాట్ వాళ్లు పంపే కేకులో గుడ్డు ఉంటుందని ఆవిడ తినదు, కానీ పళ్లెం రెండు చేతులా అందుకుని, వాళ్ల పిల్లల చేతిలో అరిసెలు పెట్టి పంపుతుంది.

బాధ కలిగేది వేరే దగ్గర. తలుపు సగం తీసి, మొహం తిప్పుకుని, పళ్లెంలో ఏదో అంటరానిది ఉన్నట్టు వెనక్కి జరిగినప్పుడు. "మీరు గుర్తుపెట్టుకుని తెచ్చారు, సంతోషం. మేము ప్రసాదం తీసుకోమండీ, లోపలికి రండి, టీ తాగుదాం" అంటే చాలు. మర్నాడు మళ్లీ పలకరించుకుంటాం.

చెరువుకట్ట (ప్రకాశం జిల్లా)

పైన మిత్రుడు "అంటరానిది ఉన్నట్టు" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు, తప్పుపట్టను. కానీ ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను.

మీరందరూ ప్రసాదం వస్తే ఏం చెయ్యాలి అని మాట్లాడుతున్నారు. మా పల్లెకి ప్రసాదం ఎప్పుడూ రాలేదు. మా నాయనమ్మకు నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు. గుడి మెట్లు ఎక్కనివ్వనివాళ్లకు ప్రసాదం తినాలా వద్దా అనే సమస్య ఎక్కడిది? అందుకే ఈమధ్య ఊళ్లోంచి ఒకాయన, మా నాన్నతో కలిసి చదువుకున్నాయన, పళ్లెం పట్టుకుని మా గడప దాకా నడిచి వచ్చినప్పుడు మా అమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తినలేదు, ఆవిడ నమ్మకం ఆవిడది. కానీ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన మా ఇంటి గ్లాసుతో మజ్జిగ తాగి వెళ్లాడు. నా లెక్కలో ఆరోజు జరిగిన పెద్ద సంగతి ఆ మజ్జిగే.

మన చరిత్ర కూడా ఒకసారి గుర్తుచేసుకుందాం. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బడికి అగ్రవర్ణాల పిల్లలు వస్తున్న రోజుల్లో మాదిగలు వచ్చి చేరారు. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పెద్ద కులాలవాళ్లు తేల్చిచెప్పారు. వాళ్లు పోతే మిషన్ పనే పోతుందన్న భయం సామాన్యమైంది కాదు. ఆ రాత్రి క్లౌ, ఆయన భార్య ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ 1:26 వచ్చిందని మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. లోకంలో ఎన్నికలేనివాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం. మాదిగలతోనే నిలబడ్డారు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మరి ఆ ప్రేమ పిల్లలమైన మనం? ఒకే ఊళ్లో మాలలకో చర్చి, మాదిగలకో చర్చి. సంబంధం అనగానే ముందు అడిగేది కులమే. పక్క కులం విశ్వాసి ఇంట్లో తినడానికి జంకేవాళ్లు విగ్రహార్పితం గురించి పిల్లలకు పాఠాలు చెప్పడం చూస్తే నాకు గుండె మండుతుంది.

భయం గురించి కూడా ఒక ముక్క. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో అందులో చేర్చారు, మనల్ని చేర్చలేదు. పిల్లల చదువు, ఉద్యోగం పోతాయని గోడ మీద యేసు వాక్యం కూడా పెట్టుకోని కుటుంబాలు ఉన్నాయి. వాళ్లను పుల్పిట్ మీదనుంచి "పిరికివాళ్లు" అని తిట్టే సేవకులూ ఉన్నారు. భయపడుతున్న మనిషిని ఇంకాస్త భయపెడితే ప్రేమ పుట్టదు. ముందు వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చోండి.

నరసరావుపేట_విశ్వాసి

అన్నా, నీ మాటకు ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మా సంఘం సంగతి కూడా అంతే. ఈ విషయం మా పెద్దల మీటింగులో పెడతాను.

రాజంపేట_కువైట్

అందరికీ వందనాలు. చర్చ పక్కకి పోతాదేమో, మన్నించండి. నేను కువైట్‌లో డ్రైవరుని. ఈడికొచ్చినాక ఫెలోషిప్‌లో నమ్ముకున్న్యా. ఇంటికాడ అమ్మానాయన, తమ్ముళ్లు హిందువులే. నాయనకి ఆరోగ్యం బాలేదు. నేను పెద్దకొడుకును. మొన్న తమ్ముడు ఫోన్లో సూటిగా అడిగినాడు: "రేపు నాయనకేమన్నా అయితే తలకొరివి పెడతావా, పెట్టవా? పెట్టనంటే ఇప్పుడే చెప్పు, ఊళ్లో మా పరువు పోకుండా చూసుకుంటాం."

ఫెలోషిప్‌లో పెద్దాయన్ని అడిగితే "పెడితే నువ్వు ప్రభువు బల్లకి దూరమే" అన్నాడు. ఇంటికాడ పెట్టకపోతే కొడుకునే కాదంటారు. రాత్రి నిద్ర పట్టడంలా. నాయన బతికుండంగానే ఆయన చావు గురించి లెక్కలేసుకుంటున్నట్టు ఉంది నాకు. ఏం చెయ్యాల?

పల్లె_కాపరి

తమ్ముడూ, నీ మెసేజ్ చదివి చాలాసేపు ప్రార్థన చేసి రాస్తున్నాను. కడప వైపు పల్లెల్లో చాలా ఏళ్లుగా సేవ చేస్తున్నాను. నీలాంటి కొడుకులతో స్మశానం దాకా నడిచాను.

ముందు ఒకటి. నిన్ను ఇప్పుడు ఇద్దరు భయపెడుతున్నారు, ఒకరు సంఘం పేరుతో, ఒకరు పరువు పేరుతో. ఆ రెండు భయాల మధ్య మీ నాయన కనబడకుండా పోయాడు. ముందు ఆయనకు ఫోన్ చెయ్యి. తమ్ముడికి కాదు, ఆయనకే. కొరివి సంగతి ఎత్తకు. ఎట్లా ఉన్నావు, మందులు వేసుకుంటున్నావా అని అడుగు. సెలవు దొరికితే వచ్చి కొన్నాళ్లు పక్కన ఉండు. ఆ తర్వాత నీ నమ్మకం ఏమిటో, నువ్వు ఏ పని చెయ్యగలవో, ఏది చెయ్యలేవో ఆయనకే నెమ్మదిగా చెప్పు. చావు ఇంట్లో, జనం మధ్యలో ఈ మాట మొదటిసారి బయటపడితే అది గొడవే అవుతుంది. నేను చూసిన గొడవలన్నీ అక్కడ పుట్టినవే.

మా దగ్గర కొడుకులు చేసేది ఇది. శవానికి స్నానం చేయించడంలో చెయ్యి వేస్తారు. పాడె ముందు కొమ్ము పడతారు. కట్టెల ఖర్చు, భోజనాల ఖర్చు భరిస్తారు. తల్లి పక్కన నేల మీద పడుకుంటారు. పిండం పెట్టడం, మంత్రం చెప్పడం తమ్ముడికి వదిలేస్తారు. నిప్పు పెట్టడం దగ్గర విశ్వాసులు రెండు రకాలుగా ఉన్నారు. అది దహనం మాత్రమే, తండ్రికి చివరి సేవ అని పెట్టినవాళ్లు ఉన్నారు. మంత్రంతో ముడిపడింది కాబట్టి మనస్సాక్షి ఒప్పుకోలేదని పక్కన నిలబడ్డవాళ్లూ ఉన్నారు. నేను ఎవరినీ బల్లకు దూరం చెయ్యలేదు.

రెండో రాజులు 5వ అధ్యాయం చదువు. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు నుంచి స్వస్థపడ్డాక ఎలీషా ప్రవక్తను ఒక్కటే అడుగుతాడు: రాజు నా చేతి మీద ఆనుకుని రిమ్మోను గుళ్లో మొక్కేటప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, దేవుడు నన్ను క్షమిస్తాడా అని. ప్రవక్త ప్రసంగం చెయ్యలేదు. నెమ్మదిగా వెళ్లమన్నాడు. దాన్ని చట్టం చెయ్యమని నేననను. ఆ ప్రవక్త ఆ మనిషి కష్టాన్ని చూశాడు, అదే నేను నేర్చుకున్నది.

పాత_బైబిలు_మాస్టారు

కాపరిగారు చెప్పిన దానికి చిన్న చేర్పు. ఇదే ప్రశ్న చైనాలో పెద్ద యుద్ధమే అయింది. చనిపోయిన పెద్దలకు చేసే గౌరవం పూజా, కుటుంబ మర్యాదా అని. మర్యాదే అని జెసూట్లు (ఒక క్యాథలిక్ మిషనరీ సంఘం), కాదు విగ్రహారాధనే అని మరికొందరు మిషనరీలు. రోమ్ (పోపు) 1704లో నిషేధించింది, 1715లో, మళ్లీ 1742లో గట్టిగా ముద్రవేసింది. మధ్యలో 1721లో కాంగ్షీ చక్రవర్తి కోపించి సువార్త ప్రకటననే మాన్పించాడు. 1939లో రోమ్ అవే ఆచారాలలో చాలావాటిని అనుమతించింది. ఆ మధ్యకాలంలో కన్నవాళ్ల సమాధి దగ్గర తల వంచాలో లేదో తెలియక నలిగిపోయిన కొడుకులు ఎన్ని వేలమందో. కువైట్ తమ్ముడు వాళ్లలో ఒకడు కాకూడదు.

నరసరావుపేట_విశ్వాసి

తమ్ముడూ, ఇక్కడ అందరిలోకీ కట్టుగా ఉండేది నేనే. పిండం పెట్టొద్దనే చెబుతాను, నిప్పు కూడా నేనైతే పెట్టను. కానీ మా బాబాయి పోయినప్పుడు పాడె నేనే మోశాను, ఆ నాలుగు రోజులూ పిన్ని ఇల్లు కదల్లేదు. మా సంఘం నన్ను ఏమీ అనలేదు. నీ ఫెలోషిప్ పెద్దాయనతో మాట్లాడాలంటే చెప్పు, నేను మాట్లాడతాను. టికెట్ డబ్బులకు ఇబ్బంది అయితే మొహమాటపడకుండా ప్రైవేట్ మెసేజ్ పెట్టు.

సండేస్కూల్_టీచర్ (మియాపూర్)

క్లాసు అయింది. పిల్లలకు కొరింథు కథ చెప్పాను, అత్తమ్మ గిన్నె చెప్పాను. తర్వాత జంటలుగా నిలబెట్టి ఆట ఆడించాను. ఒకరు పళ్లెం తెస్తారు, ఇంకొకరు తీసుకోకుండా ప్రేమగా మాట్లాడాలి. ఒక పాప "థాంక్యూ ఆంటీ, మా ఇంట్లో ప్రసాదం తినం, మీకు కాళ్లు నొప్పా, కూర్చోండి" అంది. ఆ బాబు మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. చివర్లో "దయ్యం పట్టదా టీచర్, నిజంగా?" అని అడిగాడు. యేసయ్య నీలో ఉండగా నిన్ను ఏ ఉండ్రాయీ లాక్కుపోలేదు అని చెప్పాను. ఆంటీకి సారీ చెప్పడం గురించి వాళ్లమ్మతో మాట్లాడాను. ఆవిడ ఒప్పుకుంది, కానీ "మా అత్తగారు చర్చిలో పెద్ద, ఆవిడకి తెలిస్తే" అని ఆగిపోయింది. అత్తగారి దగ్గరికి ఈ వారం నేనే వెళ్తున్నాను. ప్రార్థన చెయ్యండి.

రాజంపేట_కువైట్

కాపరన్నా, నాయనతో మాట్లాడినాను. రెండుసార్లు. కొరివి సంగతి నేను ఎత్తలా, ఆయనే ఎత్తినాడు. "మీ తమ్ముడు నిన్ను పీకుతున్నాడంటనే. నిప్పు వాడు పెడతాడులే. నువ్వు మీయమ్మను చూసుకో" అన్నాడు. సెలవుకి అడిగినా, వచ్చే నెల ఇస్తామన్నారు. నరసరావుపేట అన్నా, టికెట్‌కి ఇబ్బంది లేదు, అడిగినందుకు నీకు వందనాలు.

ఒకటే అడగాల. దినాల భోజనాలప్పుడు నేను పంక్తిలో కూర్చోవచ్చా?

పల్లె_కాపరి

పిండం పెట్టే చోట వద్దు. బంధువుల పంక్తిలో కూర్చోవచ్చు. నీ మనసు ఒప్పుకోకపోతే వడ్డించు, వడ్డించే కొడుకుని ఎందుకు తినలేదని ఎవరూ అడగరు. ఆ రోజు ఇంకా చాలా దూరం ఉండాలని ప్రార్థిద్దాం. వచ్చే నెల దిగగానే నాకు ఫోన్ చెయ్యి, మీ నాయనను చూడటానికి నేనూ వస్తాను.